రాయి ఎక్కడుందో చెప్తే ఏం పోతుంది?

2021 అక్టోబరు 2న దక్షిణ చైనా సముద్రంలో ‘కనెక్టికట్’ అనే అమెరికా అణు సబ్‌మెరైన్ నీటి అడుగున పోతూ పోతూ దేన్నో గుద్దుకుంది. 11 మందికి దెబ్బలు తగిలాయి. ముక్కు దగ్గర, శబ్దంతో చుట్టూ ఏముందో పసిగట్టే సోనార్ పరికరాలను కప్పి ఉండే డోమ్ ఊడిపోయింది. మళ్లీ మునిగే పరిస్థితి లేక, నీటి మీద తేలుతూనే వారం తిరక్కుండా గువామ్ రేవు చేరింది. ఈ కబురు అమెరికా నౌకాదళం బయటపెట్టింది అక్టోబరు 7న, అంటే ఐదు రోజులు ఆగి. అప్పుడైనా చెప్పింది ఏమంత లేదు. ఇండో-పసిఫిక్ ప్రాంతంలో, అంతర్జాతీయ జలాల్లో, ఏదో వస్తువుకు తగిలింది. రియాక్టరు బాగానే ఉంది. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. అంతే.

ఆ తర్వాత నెల రోజులూ కథలకు కొదవ లేదు. చైనా సబ్‌మెరైన్‌ను గుద్దిందన్నారు. చైనా వాళ్లు అడుగున అమర్చిన పరికరమన్నారు. మునిగిపోయిన పాత ఓడ అన్నారు, ఓడ మీంచి జారిపడ్డ కంటెయినరు అన్నారు. నా ఫోనుకు వచ్చిన ఒక వాట్సాప్ ఫార్వర్డులోనైతే మూడో ప్రపంచ యుద్ధానికి ముహూర్తం కూడా పెట్టేశారు. అమెరికా కావాలనే వివరాలు దాస్తోందని, అణు పదార్థం లీకయిందో లేదో చెప్పాలని చైనా విదేశాంగ శాఖ ప్రతినిధి జావో లిజియాన్ నిలదీశాడు. చివరికి నవంబరు 1న అసలు సంగతి తేలింది. అది సముద్రగర్భంలో ఉన్న కొండ. మ్యాపులో లేని కొండ. మరో మూడు రోజులకు కెప్టెన్‌నీ, అతని తర్వాతి అధికారినీ, నావికుల్లో పెద్దవాడినీ పదవుల్లోంచి తీసేశారు.

2022 మేలో విచారణ నివేదిక వచ్చింది. మొహమాటం లేకుండా రాశారు, ఇది తప్పించగలిగిన ప్రమాదమే అని. దారి గీసుకునేటప్పుడే ఆ చుట్టుపక్కల కనీసం పది ప్రమాదకరమైన చోట్లను గుర్తించి మార్కు చేయలేదట. లోతు అనుకున్నదానికంటే తక్కువ చూపిస్తున్నా జోరు తగ్గించలేదట. ఇదే సబ్‌మెరైన్ ఆ ఏడాది ఏప్రిల్లో శాన్‌డియేగోలో జెట్టీకి తగిలింది. దానికి ముందు నెలలో లోపల నల్లులు పడ్డాయని కూడా వార్త. మూడు వందల కోట్ల డాలర్ల యంత్రం, అలాంటివి ఆ దేశానికి ఉన్నవే మూడు, అందులో నల్లులు.

కెప్టెన్ తప్పు, శిక్ష పడింది, ఫైలు మూసేశారు. ఈ లెక్క నాకు సగమే నచ్చింది. మ్యాపులో కొండ ఎందుకు లేదు అన్న ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ. ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే ఓడల దారుల్లో ఒకటి ఆ సముద్రంలోంచే పోతుంది. చైనా, వియత్నాం, ఫిలిప్పీన్స్, మలేసియా, బ్రూనై, తైవాన్ అన్నీ దాని మీద తలో ముక్కా తమదంటాయి. చైనా తొమ్మిది గీతలు గీసి దాదాపు మొత్తం తనదంటుంది. అది చెల్లదని 2016 జులైలో హేగ్ లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానం తీర్పిచ్చినా పట్టించుకోలేదు. ఇంతమంది కొట్టుకుచచ్చే నీటికి అడుగు ఎలా ఉందో తెలియకపోవడమేమిటి? ప్రపంచ సముద్రగర్భంలో ఇప్పటికి సరిగ్గా కొలిచింది నాలుగో వంతుకు కాస్త పైన మాత్రమే అన్నది నిజమే. కానీ ఇక్కడ సంగతి తెలియకపోవడం ఒక్కటే కాదు. కొంత కొలిచారు, కొలిచినదాన్ని దాచుకున్నారు. మిగతాది కొలవడానికి పోతే గొడవ.

2009 మార్చిలో ఏం జరిగిందో చూడండి. చైనాలోని హైనాన్ దీవికి దక్షిణంగా 75 మైళ్ల దూరంలో ‘ఇంపెకబుల్’ అనే అమెరికా నిఘా ఓడ నీళ్లలోకి సోనార్ తాడు వదిలి పని చేసుకుంటోంది. ఐదు చైనా ఓడలు చుట్టుముట్టాయి. దగ్గరికొచ్చిన పడవల వాళ్లను అమెరికన్లు నీటి గొట్టాలతో తడిపితే వాళ్లు చొక్కాలు విప్పేసి ఇంకా దగ్గరికొచ్చారు. సోనార్ తాడును కొక్కేలతో లాగబోయారు. 2016 డిసెంబరులో ‘బౌడిచ్’ అనే సర్వే ఓడ ఫిలిప్పీన్స్ దగ్గర నీళ్లలో వదిలిన చిన్న డ్రోన్‌ను చైనా నావికులు అమెరికన్ల కళ్లముందే ఎత్తుకుపోయారు, కొన్ని రోజులకు తిరిగిచ్చారు. ఉప్పదనం, ఉష్ణోగ్రత కొలిచే పరికరం అది. దాని కోసం రెండు అగ్రరాజ్యాల మధ్య అంత టెన్షన్.

ఉప్పదనంలో ఏముంది అనుకోవద్దు. నీటిలో చూపు ఆనదు, వినాల్సిందే. చప్పుడు ఎంత దూరం పోతుంది, ఎక్కడ వంగుతుంది, ఏ పొర కింద దాక్కుంటే పైవాడికి వినబడదు అన్నది నీటి ఉప్పదనం మీద, వేడి మీద, అడుగున కొండలు లోయలు ఎలా ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే అడుగు మ్యాపు కూడా నౌకాదళాలకు ఒక ఆయుధమే. పైగా లోపల ఉన్నవాడికి జీపీఎస్ అందదు. ముందున్నది ఏమిటో తెలుసుకోవడానికి సోనార్‌తో శబ్దం పంపితే చుట్టుపక్కల శత్రువుకు తన ఉనికి చాటుకున్నట్టే. కాబట్టి ఏ వేగంతో ఎటు ఎంతసేపు వచ్చామో లెక్క కట్టుకుంటూ, చేతిలోని మ్యాపును నమ్ముకుని, దాదాపు కళ్లు మూసుకునే పోతారు. మ్యాపు అబద్ధమాడితే ఏమవుతుందో 2005లోనే తెలిసింది.

ఆ ఏడాది జనవరి 8న ‘శాన్ ఫ్రాన్సిస్కో’ అనే అమెరికా సబ్‌మెరైన్ గువామ్ నుంచి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు పోతోంది. నీటికి 160 మీటర్ల లోతులో, పూర్తి వేగంతో. నావిగేషన్‌కు వాడుతున్న చార్టులో ఆ చోట ఏమీ లేదు. తిన్నగా పోయి కొండకు కొట్టుకుంది. లోపల ఉన్నవాళ్లు ఎగిరి ఇనుప గోడలకు గుద్దుకున్నారు. ఒక నావికుడు చనిపోయాడు, వంద మంది దాకా గాయపడ్డారు. మునగడానికీ తేలడానికీ వాడే బలాస్ట్ ట్యాంకులు ముందు వైపు చీలిపోయినా అది పైకి తేలడం వాళ్ల అదృష్టం. తీరా చూస్తే అదే సబ్‌మెరైన్‌లో ఉన్న మరో చార్టులో ఆ దగ్గర్లోనే ఒక గుర్తు ఉంది. ఎప్పుడో ఎవరో నీటి రంగు మారి ఉండడం చూశామని చెప్తే వేసిన గుర్తు. ఆ కబురు ఒక చార్టుకు చేరింది, పక్క చార్టుకు చేరలేదు. అప్పుడూ కెప్టెన్‌నే తీసేశారు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నాకు తెలిసిన ఒక సరంగు ఉన్నాడు. ఆయన బోటులోని జీపీఎస్ పెట్టెలో రెండు రకాల పాయింట్లుంటాయి. చేప దొరికే చోట్లు ఒక రకం. అవి సొంత బావమరిదికి కూడా చెప్పడు. అడుగున రాయో, మునిగిన బోటో, తెగిపోయిన ఇనుప తాడో ఉండి వల పట్టుకునే చోట్లు ఇంకో రకం. అవి మాత్రం వైర్‌లెస్‌లో అందరికీ అరిచి చెప్తాడు, పోటీగా వచ్చిన కాకినాడ బోటుకైనా సరే. అదేంటి బాబాయ్ అంటే, “సేప పాయింటు సెప్పీస్తే మా ఇంట్లో పొయ్యి ఎలగదు బాబూ. రాయి పాయింటు సెప్పకపోతే ఆడి వల తెగిపోద్ది. తెగిన వల అక్కడే ఉండిపోద్ది కదా, రేపు అది మా వలకే సుట్టుకుంటాది” అన్నాడు. దక్షిణ చైనా సముద్రం మీద నాకున్న అభిప్రాయం దీనికంటే పెద్ద ఎక్కువేమీ కాదు. సబ్‌మెరైన్లు ఎక్కడ తిరుగుతున్నాయో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అది చేప పాయింటు. కొండ ఎక్కడుందో చెప్పాలి. కొండ చైనాదీ కాదు, అమెరికాదీ కాదు. రేపు చైనా సబ్‌మెరైనే దానికి కొట్టుకుని, రియాక్టరు పగిలితే ఆ నీళ్లలో వేటకు పోయేది వియత్నాం వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, చైనా వాళ్లు కూడాను.

దీనికి నౌకాదళం వాళ్ల దగ్గర ఒక జవాబు ఉంది, అది తీసిపారేసేది కాదు. కొండ ఎక్కడుందో చెప్తే, నువ్వు ఎక్కడ కొలిచావో చెప్పినట్టే. ఎక్కడ కొలిచావో తెలిస్తే, నువ్వు ఎక్కడ తిరగదలుచుకున్నావో తెలిసినట్టే. నిజమే. కానీ ఈ చిక్కుముడి ఒకసారి విప్పారు కూడా. ప్రచ్ఛన్న యుద్ధ కాలమంతా అమెరికా సబ్‌మెరైన్లు ఆర్కిటిక్ మంచు కింద తిరుగుతూ, పైన మంచు ఎంత మందంగా ఉందో కొలుచుకున్నాయి, ఎక్కడ పలచగా ఉంటే అక్కడ పైకి రావచ్చని. ఆ కొలతలన్నీ రహస్యం. 1990లలో అల్ గోర్ ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు శాస్త్రవేత్తలు పట్టుబడితే వాటిని బయటపెట్టారు. ఎలా? సబ్‌మెరైన్ ఉన్న చోటును కొన్ని కిలోమీటర్ల అటూ ఇటూగా గుండ్రం చేశారు, తేదీని పది రోజుల అటూ ఇటూగా చెప్పారు. ఏ సబ్‌మెరైన్ ఏ రోజు ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టలేదు. మంచు మీటరుకు పైగా పలచబడిందన్న సంగతి మాత్రం లోకానికి తెలిసింది. అమెరికా, రష్యా కలిసి తమ తమ రహస్య కొలతలతో ఆర్కిటిక్ సముద్రానికి ఒక అట్లాస్ కూడా వేశాయి, 1997లో. అంతకు పదేళ్ల ముందు ఒకరి సబ్‌మెరైన్‌ను ఒకరు వేటాడిన సముద్రమది.

ఇంకోటి. 1985లో అమెరికా నౌకాదళం ‘జియోశాట్’ అనే ఉపగ్రహాన్ని పంపింది. అడుగున పెద్ద కొండ ఉంటే దాని ఆకర్షణకు పైన నీరు కాస్త ఉబ్బుతుంది, ఒకటి రెండు మీటర్లు. కంటికి ఆనదు గానీ రాడారుకు ఆనుతుంది. అలా పైనుంచే కింద కొండలను పసిగట్టొచ్చు. ఆ కొలతల్లో ఎక్కువ భాగాన్ని పదేళ్లు బీరువాలో పెట్టారు. ఈలోపు యూరప్ వాళ్లు తమ ఉపగ్రహంతో అవే కొలతలు తీసేశారు. ఇంక దాచి లాభం లేదని 1995లో అమెరికా కూడా విడుదల చేసింది. మనం ఈరోజు ఫోనులో గూగుల్ మ్యాపు తెరిచి చూసే సముద్రగర్భంలో చాలా భాగం అలా వచ్చిన అంచనాయే. అంచనా కాబట్టే చిన్న కొండలు అందులో పడవు. సబ్‌మెరైన్ పగలడానికి చిన్న కొండ చాలు.

కొండ సంగతి అలా ఉంచండి. రెండు సబ్‌మెరైన్లే కొట్టుకుంటే? 1992 ఫిబ్రవరి 11న, సోవియట్ యూనియన్ పోయి రెండు నెలలు కాకముందే, రష్యా ఉత్తర తీరంలో కిల్దిన్ దీవి దగ్గర అమెరికా ‘బాటన్ రూజ్’, రష్యా ‘కోస్త్రొమా’ ఢీకొన్నాయి. పైకి లేస్తున్న రష్యా సబ్‌మెరైన్ కిందినుంచి అమెరికా దాన్ని తాకింది. అది మా జలాల్లో అని రష్యా, కాదు అంతర్జాతీయ జలాల్లో అని అమెరికా. తీరం నుంచి 12 మైళ్లు అన్నది ఇద్దరికీ ఒప్పుదలే, ఆ 12 మైళ్లు ఎక్కడినుంచి కొలవాలన్నదే తగువు. అఖాతం నోటికి అడ్డంగా గీత గీసి అక్కడినుంచి కొలుస్తామంటారు రష్యన్లు. ఒడ్డు నుంచే కొలవాలంటారు అమెరికన్లు. పక్క దేశం తీర జలాల్లోకి వస్తే సబ్‌మెరైన్ పైకి తేలి జెండా చూపించాలని సముద్ర చట్టం చెప్తుంది. బాటన్ రూజ్‌కు ఏ జెండా చూపించే ఉద్దేశమూ లేదని వేరే చెప్పాలా? రష్యన్లు మాత్రం తమ సబ్‌మెరైన్ మీద ఎర్ర నక్షత్రం వేసి, అందులో ‘1’ అని రాసుకున్నారు, ఒక వికెట్ పడగొట్టామన్నట్టు. మరుసటి ఏడాది మార్చి 20న అదే బారెంట్స్ సముద్రంలో అమెరికా ‘గ్రేలింగ్’ వెళ్లి ‘నొవొమొస్కోవ్‌స్క్’ అనే రష్యన్ క్షిపణి సబ్‌మెరైన్‌ను గుద్దింది. వాంకూవర్ సమావేశంలో క్లింటన్ యెల్త్సిన్‌కు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

ఈ రెండు గుద్దులనూ గుర్తుపెట్టుకుంటేనే రష్యా సబ్‌మెరైన్ ‘కూర్స్క్’ కథ అర్థమవుతుంది. 2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో విన్యాసాలు చేస్తున్న కూర్స్క్ లో టార్పెడో ఒకటి పేలింది. రెండు నిమిషాల 15 సెకన్లకు మిగతా టార్పెడోలు పేలాయి. 118 మంది పోయారు. రష్యా నౌకాదళం ఒప్పుకున్నది 14న, అదీ ప్రమాదం 13న జరిగిందని చెప్తూ. పుతిన్ సోచిలో సెలవులో ఉన్నాడు. నార్వే, బ్రిటన్ సాయం చేస్తామన్నా నాలుగు రోజులు వద్దన్నారు. చివరికి నార్వే డైవర్లు హాచ్ తెరిచింది 21న. ఈలోపు పెద్ద అధికారులంతా ఒకటే పాట, నాటో సబ్‌మెరైన్ గుద్దింది అని. జనం నమ్మారు. ఎందుకు నమ్మరు? అదే సముద్రంలో ఏడాది తేడాలో రెండుసార్లు అదే జరిగింది కదా. పైగా అమెరికా సబ్‌మెరైన్లు ఆ రోజు ఆ చుట్టుపక్కల పొంచి ఉన్న మాటా నిజమే. నిజానికి టార్పెడోలో వాడిన హైడ్రోజన్ పెరాక్సైడ్ కారి పేలిందని 2002లో రష్యా ప్రభుత్వ విచారణే తేల్చింది. ఆ ఇంధనం ఎంత చెడ్డదో 1955లోనే బ్రిటన్‌కు తెలుసు. ‘సైడన్’ సబ్‌మెరైన్‌లో అలాంటి టార్పెడోయే పేలి 13 మంది పోయాక వాళ్లు దాన్ని మానేశారు. కానీ కూర్స్క్ మునిగినప్పుడు రష్యా ఉత్తర నౌకాదళానికి కమాండరుగా ఉన్న పొపోవ్, 2021లో కూడా అది నాటో పనే అన్నాడు.

మా బీచ్ రోడ్డులో ఒడ్డున పెట్టిన ‘కురుసుర’ సబ్‌మెరైన్‌లోకి వెళ్తే నాకు ప్రతిసారీ కూర్స్క్ వెనక గదిలో మిగిలిన 23 మంది గుర్తొస్తారు. రెండూ రష్యాలో కట్టినవే, కాకపోతే కురుసుర చాలా చిన్నది, పాతది, డీజిల్‌తో నడిచేది. 2002 నుంచి మ్యూజియం. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత. ముందు ఒక కాలు వేసి, తల వంచి, తర్వాత రెండో కాలు లాక్కోవాలి. నెత్తి మీద గొట్టాలు, వాల్వులు, వాటి చక్రాలు. టార్పెడోల పక్కనే పడుకునే బల్లలు. వెనక వరసలో సెల్ఫీ తీసుకుంటున్న కాలేజీ పిల్లలు కదలకపోతే మధ్యలో ఇరుక్కున్నవాళ్లకు ఊపిరాడనట్టుంటుంది, అదీ పట్టపగలు, తలుపులు తెరిచి ఉండగా. కూర్స్క్ లో ఆ 23 మంది చీకట్లో ఉన్నారు. దిమిత్రి కొలెస్నికోవ్ అనే అధికారి చీకట్లోనే పేర్లు రాసి పెట్టాడు, ఆ చీటీ తర్వాత అతని జేబులో దొరికింది. వాళ్లు కొన్ని గంటలకే పోయి ఉంటారని అధికారిక విచారణ చెప్పింది కాబట్టి నార్వే వాళ్లను మొదటి రోజే రానిస్తే బతికేవాళ్లని నేను అనను. అయితే వద్దని చెప్పిన రోజున ఆ సంగతి వద్దన్నవాళ్లకూ తెలియదు.

అబద్ధం ఆడేది రష్యన్లు ఒక్కరే అనుకుంటే పొరపాటు. 2009 ఫిబ్రవరిలో అట్లాంటిక్‌లో బ్రిటన్ ‘వాన్‌గార్డ్’, ఫ్రాన్స్ ‘ట్రియోంఫాన్’ ఢీకొన్నాయి. మిత్ర దేశాలు. రెండూ అణు క్షిపణులు మోసే సబ్‌మెరైన్లు, ఒక్కోదాంట్లో 16 క్షిపణుల చోటు. నీటిలో ఉన్న ఏదో కంటెయినరు తగిలిందనుకుంటా అని ఫ్రాన్స్ ముందు ప్రకటన ఇచ్చింది. రెండు వారాలకు పత్రికలు పట్టేస్తే గానీ ఒప్పుకోలేదు. మా సబ్‌మెరైన్లు రొయ్య చేసేంత చప్పుడు కూడా చేయవు అని ఫ్రాన్స్ రక్షణ మంత్రి అప్పుడు గొప్పగా చెప్పుకున్నాడు. అందుకే కదా నాయనా గుద్దుకున్నాయి. 2015 ఏప్రిల్లో ఐరిష్ సముద్రంలో ‘కారెన్’ అనే చేపల బోటు వలను ఏదో పట్టుకుని బోటును వెనక్కి ఈడ్చుకుపోయింది. నలుగురూ బతికి బయటపడ్డారు. రష్యా సబ్‌మెరైనే అని అందరూ వేలు చూపించారు. ఐదు నెలల తర్వాత బ్రిటన్ రక్షణ శాఖ ఒప్పుకుంది, అది మాదే అని.

సాయం విషయంలో మాత్రం పరిస్థితి మారింది. కూర్స్క్ తర్వాత నాటో చొరవతో మునిగిన సబ్‌మెరైన్లలోని మనుషుల్ని కాపాడడం కోసం ఒక అంతర్జాతీయ సమన్వయ కార్యాలయం పెట్టారు. 2005 ఆగస్టులో కమ్చాట్కా దగ్గర ఏడుగురితో ఉన్న చిన్న రష్యన్ సబ్‌మెరైన్ వలల్లో చిక్కుకుంటే, ఈసారి రష్యా వెంటనే అడిగింది. బ్రిటన్ వాళ్లు విమానంలో రిమోట్ యంత్రం తెచ్చి వలలు కోశారు, ఏడుగురూ బతికారు. 2021 ఏప్రిల్లో బాలి దగ్గర ఇండోనేసియా ‘నంగ్గలా’ 53 మందితో మునిగినప్పుడు మన నౌకాదళం విశాఖ నుంచి రక్షణ వాహనాన్ని ఓడ మీద పంపింది. అది చేరకముందే 800 మీటర్ల పైచిలుకు లోతులో ముక్కలు కనబడ్డాయి. శకలాలు తీయడానికి చైనా ఓడలు కూడా వచ్చాయి. ఆ వంకతో అడుగు కొలుచుకుంటున్నారేమో అని కొందరు అనుమానపడ్డారు. కొలుచుకునే ఉంటారు. ఆ కొలతలు ఇండోనేసియాకు ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. విశాఖ తీరానికి కూతవేటు దూరంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ‘ఘాజీ’ మునిగి ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి, 93 మందితో. ‘రాజ్‌పుత్’ నౌక వేసిన డెప్త్ ఛార్జీలకు, అంటే నీటి కింద పేలే బాంబులకు, మునిగిందని మన నౌకాదళం మాట. తాను పెట్టిన మైను తనకే తగిలిందనో, లోపల పేలుడు జరిగిందనో పాకిస్తాన్ మాట. మన నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లలోనే కొందరు లోపలి పేలుడు వైపు మొగ్గుతారు. అది యుద్ధం, అప్పుడు దాచుకోవడం తప్పు కాదు. అర్ధ శతాబ్దం దాటాక కూడా అది విజయమా ప్రమాదమా అని అడిగితే దేశద్రోహిని చూసినట్టు చూడడం మాత్రం నాకు అర్థం కాదు. ఆ శిథిలం దగ్గరికి మన రక్షణ వాహనం వెళ్లి చూసిందని 2024లో వార్తలొచ్చాయి. ఏం కనబడిందో వివరంగా రాసి ప్రచురిస్తే చదవడానికి నేను సిద్ధం.

సముద్రం కొలవడం దగ్గర మనమూ చైనా వాదనకు దగ్గరగానే ఉన్నాం, ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా. తీరం నుంచి 200 మైళ్ల లోపల మా అనుమతి లేకుండా సైనిక విన్యాసాలు చేయొద్దని 1995లో సముద్ర చట్టాన్ని ఆమోదించినప్పుడే చెప్పాం. 2021 ఏప్రిల్లో అమెరికా తన యుద్ధనౌకను లక్షద్వీప్ పక్కగా అడక్కుండా నడిపి, ఆ సంగతి చాటుకుంటే మండిపడ్డాం. 2022లో శ్రీలంకలోని హంబన్‌తోటకు, 2024లో మాల్దీవుల్లోని మాలేకు చైనా ‘పరిశోధన’ ఓడలు వస్తే మనకు నిద్ర పట్టలేదు. మన భయం ఉత్తిది కాదు. మన అణు సబ్‌మెరైన్లు, అరిహంత్ తరగతివి, కట్టింది విశాఖలో, వాటికి కొత్త స్థావరం వస్తున్నది ఆ దగ్గర్లోని రాంబిల్లిలో, అవి తిరిగేది బంగాళాఖాతంలో. ఆ అడుగు చైనాకు తెలియడం మనకు నష్టమే. అందుకే నేను అడిగేది లోతుల మ్యాపు మొత్తం కాదు. ఫలానా చోట కొండ కొన ఇంత లోతులో ఉంది, ఫలానా చోట ఓడ మునిగి ఉంది అన్న ఒక్క ముక్క. దాన్ని డెహ్రాడూన్‌లోని మన హైడ్రోగ్రఫీ కార్యాలయం నావికులకు ఇచ్చే నోటీసుల్లో వేస్తే చాలు. ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు కనిపెట్టారు అన్నది రాయనక్కర్లేదు.

పాకిస్తాన్‌తో మనకు 1991 నాటి ఒప్పందం ఒకటుంది. అంతర్జాతీయ జలాల్లో రెండు దేశాల నౌకలు, సబ్‌మెరైన్లు మూడు నాటికల్ మైళ్ల లోపు దగ్గరికి రాకూడదని అందులో రాశారు. రాసినవాళ్ల మంచి మనసును తప్పుపట్టను. కానీ నీటి కింద ఒకడున్నాడని ఇంకొకడికి తెలియకుండా ఉండడమే సబ్‌మెరైన్ పని అయినప్పుడు మూడు మైళ్లు ఎవరు కొలవాలి? 1999లో లాహోర్‌లో సంతకాలైన అవగాహన పత్రంలో, సముద్రంలో ప్రమాదాలు జరక్కుండా వేరే ఒప్పందం చేసుకుంటామన్నారు. ఆ వేసవిలోనే కార్గిల్ వచ్చింది. ఒప్పందం ఇప్పటికీ లేదు. ఈలోపు చైనా నుంచి ఎనిమిది కొత్త సబ్‌మెరైన్లు పాకిస్తాన్‌కు ఖరారయ్యాయి, మొదటిది 2024 ఏప్రిల్లో వుహాన్‌లో నీళ్లలోకి దిగింది. అమెరికా, సోవియట్ యూనియన్ 1972లో చేసుకున్న సముద్ర ప్రమాదాల ఒప్పందం కూడా మునిగి ఉన్న సబ్‌మెరైన్ల జోలికి పోలేదు, కాబట్టి మనం కాపీ కొట్టడానికి నమూనా కూడా పెద్దగా లేదు.

ఢిల్లీ, ఇస్లామాబాద్ మాట్లాడుకునే దాకా ఆగకుండా చేయదగిన పని ఒకటుంది. 2024 నవంబరులో గోవాకు 70 మైళ్ల దూరంలో మన సబ్‌మెరైన్, ‘మార్తోమా’ అనే చేపల బోటు ఢీకొన్నాయి. బోటులో 13 మంది. 11 మందిని కాపాడారు, ఇద్దరు పోయారు. అక్కడ శత్రువు లేడు, వివాదం లేదు, అందరూ మనవాళ్లే. 1990లో స్కాట్లాండ్ దగ్గర బ్రిటన్ సబ్‌మెరైన్ ‘అంటారెస్’ అనే బోటు వలను లాగేసి నలుగురు చనిపోయారు. ఇప్పుడు ఆ తీరంలో సబ్‌మెరైన్లు ఏ ఏ ప్రాంతాల్లో శిక్షణకు తిరుగుతాయో కోస్ట్‌గార్డ్ రేడియోలో చేపలవాళ్లకు ముందే చెప్తుంది. ఎన్ని, ఏవి, ఎంత లోతులో అన్నది చెప్పదు. వలలు దించేవాళ్లు జాగ్రత్త పడతారు, అంతే. ఫిరంగి కాల్పుల సాధన ఉన్నప్పుడు ఫలానా వైపు పోవద్దని మన దగ్గరా ముందే చెప్పడం ఎప్పటినుంచో ఉన్నదే. సబ్‌మెరైన్ల శిక్షణ ప్రాంతాలకు కూడా ఆ కబురు తెలుగులో, కొంకణిలో, మలయాళంలో బోట్ల వైర్‌లెస్‌కు చేరేలా చేయడానికి చట్టం మార్చనక్కర్లేదు, పార్లమెంటు దాకా పోనక్కర్లేదు.